పండుగకు సడలింపు సరే, పల్లెకు లెక్క ఏది?

(చేవెళ్లలో విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగలకు ఇచ్చే సడలింపుల మీద మాట్లాడతామంటే కొందరు మిత్రులు 'మీరు పండుగకే వ్యతిరేకమా?' అని అడిగారు. కాదు. మేమూ గల్లీలో చందాలు ఎత్తి వినాయకుణ్ని కూచోబెట్టినవాళ్లమే. బోనమెత్తిన తల్లుల వెంట నడిచినవాళ్లమే. బతుకమ్మకు తంగేడు పువ్వు తెద్దామని గుట్టలెక్కినవాళ్లమే. పండుగ నాడు ఊరంతా బజార్లోకి వస్తుంది. ఆ రోజు బండ్లు ఆగుతాయి, డప్పు మోగుతుంది, రోజూ ఉండే నియమం కొంచెం పక్కకు జరుగుతుంది. జరగాల్సిందే. మా ప్రశ్న ఒక్కటే. ఆ జరగడం ఎంతసేపు? ఎవరి కోసం? పండుగ అయినంక దాని భారం మోసేది ఎవరు?

ముందు చట్టం సంగతి చూద్దాం. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టరాదు. అదే నియమాల్లో సడలింపు కూడా ఉంది. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాది మొత్తంలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. 2005 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు ఈ సడలింపును సమర్థించింది. అయితే జిల్లాకో 15 రోజులని లెక్క పెంచుకోవద్దని, రాష్ట్రానికంతా ఒకటే లెక్క అని గీత గీసింది. సడలింపు అంటే ఇట్లా ఉండాలి. రెండు గంటలు, పదిహేను రోజులు. ఇచ్చేదెవరో తెలుసు, ముగిసేదెప్పుడో తెలుసు. భజన చేసుకునే పెద్దమనిషికీ, పరీక్షకు చదువుకునే పిల్లకూ ఇద్దరికీ ఇందులో చోటుంది.

ఇక హుస్సేన్‌సాగర్ దగ్గరికి పోదాం. 2020 మే నెలలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిమజ్జనం మార్గదర్శకాలు సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దన్నది. 2021 సెప్టెంబర్ 9న మన హైకోర్టు ఆ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో కలపరాదని ఆదేశించింది. తెల్లారితే చవితి! విగ్రహాలు అప్పటికే మండపాలకు చేరాయి. ఇంత తక్కువ వ్యవధిలో వేరే ఏర్పాట్లు కావని సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. ఏటా ఇదే తంతా అని విసుక్కుంటూనే, సెప్టెంబర్ 16న ఆ ఒక్క ఏడాదికి, ఆఖరి అవకాశంగా కోర్టు అనుమతి ఇచ్చింది. 19న నిమజ్జనం జరిగింది.

ఆ 'ఆఖరి అవకాశం' వల్ల ఏం జరిగింది? ఒక మంచి జరిగింది. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణేశుడు 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంగా నిలబడ్డాడు. అంత పెద్ద విగ్రహం మట్టితో కాదన్న వాదన ఆ రోజుతో సరి. కానీ హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం తర్వాతి ఏళ్లలోనూ సాగింది. చవితి దగ్గర పడేసరికి మళ్లీ కోర్టు, మళ్లీ వాదన. ధూల్‌పేటలో విగ్రహాలు చేసేవాళ్లు పండుగకు నెలల ముందే పని మొదలుపెడతారు. నియమం చెప్పాల్సింది అప్పుడు. ఉగాదికి చెప్పకుండా చవితికి చెబితే నష్టపోయేది అచ్చు పోసిన పేదవాడే తప్ప నియమం అమలు చేయని అధికారి కాదు. ఆఖరి గడియలో వచ్చే నియమం పేదవాని కడుపు కొడుతుంది. ఆఖరి గడియలో వచ్చే సడలింపు చెరువును చంపుతుంది.

సడలింపు అందరికీ ఒకే తీరుగా దొరుకుతుందా అంటే అదీ లేదు. ఆ ట్యాంక్‌బండ్ మీదికే 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు పోదామంటే అప్పటి సర్కారు అనుమతి ఇవ్వలేదు. దారులు మూసింది, జిల్లాల్లోనే మనుషులను ఆపింది. మేము నడిచి చేరినవాళ్లం. ఉత్సవానికి తెరుచుకునే రోడ్డు ప్రజల గొంతుకు ఎట్లా మూసుకుంటుందో చూసినవాళ్లం. అందుకే అంటున్నాం: నియమం సడలించే అధికారం పాలకుల దయ కాకూడదు, రాసిపెట్టిన పద్ధతి కావాలి.

'పట్నం ముచ్చట చేవెళ్లకెందుకు?' అనొచ్చు. ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ కూడా పట్నానికి తాగునీళ్లు ఇచ్చింది. ఇవాళ ఆ నీళ్లు నోట్లో పోసుకునేటట్టున్నాయా? 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద పట్నాన్ని ముంచింది. ఆ దెబ్బకు మూసీ మీద గండిపేట 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు చెరువులకు నీళ్లు దిగేది మన పొలాల మీదుగానే. వాటిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్, రాజేంద్రనగర్ వైపు 84 ఊళ్లు, 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. పట్నం నీళ్ల కోసం మన రైతు తన భూమి ధరను వదులుకున్నాడు. పట్నానికి ఏటా పండుగ సడలింపు దొరికింది. ఇన్నేళ్లు గడిచినా మనకు పరిహారం దొరికిందా?

మనకు దొరకలేదు గానీ, పెద్దలకు దొరికింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమకు 1997లో సర్కారు ప్రత్యేకంగా మినహాయింపు జీవో ఇచ్చింది. 2000 డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును తప్పుబట్టింది. లక్షల మంది తాగే నీళ్ల దగ్గర ఒక్కరి కోసం నియమం వంచడం ప్రజాహితానికి విరుద్ధమని తేల్చింది. దేశమంతా న్యాయ విద్యార్థులు చదువుకునే తీర్పు మన మట్టి మీద పుట్టింది. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. 2023 మే నెలలో జీవో 111ను పూర్తిగా ఎత్తేస్తున్నట్టు అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముకోలేక గోస పడ్డ రైతు జీవో పోవాలని అడగడం తప్పు కాదు. తప్పు ఎక్కడున్నదంటే, రైతుకు ఇవ్వాల్సిన పరిహారం ఎగ్గొట్టి, నీళ్లకు పెట్టిన కంచెను పీకి, 'ఇదే మీ న్యాయం' అని చేతిలో పెట్టడంలో ఉన్నది. రెండు గంటల మైకుకు 15 రోజుల హద్దు పెట్టిన దేశంలో, రెండు చెరువుల బతుకుకు హద్దు లేని సడలింపా?

పండుగ రద్దీ మన ఊళ్లకూ కొత్త కాదు. 2024 ఏప్రిల్ 19న చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేని స్త్రీలకు గరుడ ప్రసాదం ఇస్తారన్న కబురు సోషల్ మీడియాలో పాకింది. హుండీ లేని ఆ గుడికి వేలాది మంది ఒక్కసారిగా బయలుదేరారు. దారిలో కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచిపోయాయి. ఆశతో వచ్చిన ఆ తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఊరి రోడ్డు మీద ఒక పట్నమంత జనం దిగే రోజు నీళ్లెక్కడ, మరుగుదొడ్లెక్కడ, కూరగాయల బండికి దారెక్కడ అని ముందే ఆలోచించాల్సింది ప్రభుత్వమే. ఏర్పాటు లేని రోజు ఇబ్బంది మీద పడేది వచ్చిన భక్తులకూ, ఉన్న ఊరోళ్లకూ కలిపే.

కాబట్టి మిత్రులారా, మనం అడగాల్సింది నాలుగు మాటలు. ఒకటి, ఏ పండుగకు ఏ నియమం ఎన్ని రోజులు సడలుతుందో ఏడాది మొదట్లోనే తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. రెండు, ఆ సడలింపు అన్ని మతాల పండుగలకు, ప్రజల సభలకు ఒకే కొలతతో ఉండాలి. మూడు, పండుగ తెల్లారి చెత్త ఎత్తే సఫాయి కార్మికుల కూలి, చెరువు కడిగే ఖర్చు ముందే లెక్కలో ఉండాలి. నాలుగు, తాగునీటి చెరువుల విషయంలో సడలింపు అన్న మాటే వద్దు. వాటిని కాపాడే పల్లెలకు నగదు రూపంలో పరిహారం కావాలి.

చవితి వచ్చిందంటే చేవెళ్ల, మొయినాబాద్ చేన్ల బంతిపూలు తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. అక్కడి నుంచి దేవుని మెడలోకి, పదకొండో రోజు నీళ్లలోకి. పువ్వు మనది, పట్నం తాగే నీళ్లూ మన వాగులవి. పండుగ మనది కూడా. అందుకే లెక్క అడుగుతున్నాం. పువ్వు పంపిన ఊరికి ఆ పువ్వు కలిసిన నీళ్ల గురించి అడిగే హక్కు ఉంది. వచ్చే ఉగాది నాటికి ఈ నాలుగు మాటలు మన గ్రామసభల తీర్మానాల్లో ఉండాలి. అందరం కూచొని రాద్దాం.