నవ్వులన్నీ గ్రేసీకే

మనవాళ్ళ పార్టీల్లో భోజనాలయ్యాక జోకులు మొదలైతే ముప్పాతిక మువ్వీసం భార్యల మీదే. చెప్పేది మగవాళ్ళు. ఆ భార్యలేమో అక్కడే కూర్చుని, నవ్వీ నవ్వనట్టు ఊరుకుంటారు. ఇవాళ నేను చెప్పబోయే అమెరికన్ దంపతులు కూడా "తెలివితక్కువ పెళ్ళాం" అన్న సరుకుతోనే ముప్ఫై ఏళ్ళకు పైగా నవ్వించారు. కానీ వాళ్ళ పద్ధతి వేరు.

జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్. 1920లలో వాడెవిల్ స్టేజీ మీద జంటగా మొదలుపెట్టారు. మొదట్లో ఆవిడ ప్రశ్నలడిగేది, జోకులన్నీ జార్జ్‌వి. జనం జోకులకి నవ్వలేదు, ఆవిడ ప్రశ్నలకి నవ్వారు! జార్జ్ వెంటనే జోకులన్నీ ఆవిడకిచ్చేసి, తను ప్రశ్నలడిగే వాడిగా మారిపోయాడు. ఎంతమంది మొగుళ్ళు ఆ పని చేస్తారో మీరే చెప్పండి.

1926లో పెళ్ళి చేసుకున్నారు. అయినా 1932లో రేడియోకి వచ్చాక కూడా చాలా ఏళ్ళు పెళ్ళికాని జంటగానే వేషం వేశారు. వయసు కనబడుతోంది, వినేవాళ్ళు తగ్గుతున్నారు. మన పెళ్ళి సంగతి దేశమంతా తెలిసినప్పుడు దాచడమెందుకని 1940ల మొదట్లో జార్జ్‌కి తట్టింది. ఆ తరవాత సొంత పేర్లతో, మొగుడూ పెళ్ళాలుగానే నటించారు. ఆ కార్యక్రమమే 1950 అక్టోబరులో సీబీఎస్ టీవీకి వచ్చి 1958 దాకా నడిచింది. 1955 నుంచి కొడుకు రానీ కూడా కొడుకుగానే కనిపించాడు.

జార్జ్ కథ మధ్యలో ఆపి, చుట్ట చేత్తో పట్టుకుని, మన నాటకాల్లో సూత్రధారుడిలా నేరుగా మనతో మాట్లాడతాడు. తరవాత్తరవాత ఆయన గదిలో ఒక టీవీ కూడా పెట్టారు. గ్రేసీ ఇంట్లో ఏం తంటా తెస్తోందో అందులో చూస్తుంటాడు. చూసి ఆపుతాడా? ఇంకా ఎగదోస్తాడు!

ఒకసారి గ్రేసీ ఆసుపత్రిలో స్నేహితురాల్ని చూసి, చేతినిండా పూలతో ఇంటికొస్తుంది. ఎక్కడివంటే, తీసుకెళ్ళమని నువ్వేగా చెప్పావు, ఆవిడ చూడనప్పుడు తీసుకొచ్చేశా అంటుంది. "ఆవిడకి పూలు తీసుకెళ్ళు", "ఆవిడ పూలు తీసుకెళ్ళు". మనకి ఒక్క "కి" తేడా, ఇంగ్లీషులో ఆ తేడా కూడా లేదు. గ్రేసీ తప్పుగా ఏమీ వినలేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. అందుకే మనం ఆవిణ్ణి చూసి వెక్కిరించం, ఆవిడ పక్షాన చేరిపోతాం.

ఒకదానికొకటి పొంతన లేని ఆ మాటలు వారం వారం బట్టీపట్టడం తెలివితక్కువ మనిషి వల్ల అయ్యే పనేనా? తలనొప్పులతో బాధపడుతూనే చేసింది. 1958లో ఇక చాలనుకుని మానేసింది.

జార్జ్ మానలేదు. కొడుకు, పక్కింటివాళ్ళు, అనౌన్సరు అందరినీ వెంటబెట్టుకుని సొంత కార్యక్రమం మొదలుపెట్టాడు. గ్రేసీ ఒక్కతే లేదు. ఒక్క సీజన్‌తో, 1959లో ఆగిపోయింది.

గ్రేసీ 1964లో పోయింది. జార్జ్ నూరేళ్ళు నిండాక 1996లో పోయాడు. ఇద్దరూ కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఒకేచోట ఉన్నారు. అక్కడ రాతి మీద ముందు పేరు గ్రేసీది.