సర్కారు ప్రకటన – చదువరి హక్కు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును తెరచిననాడు సర్కారు మాట మన యూరికి దండోరాగా వచ్చుచుండెడిది. డప్పు మ్రోగగానే పొలమున నున్నవారును చెవియొగ్గెడివారు. నేడా మాట అంతర్జాలమున వెలువడుచున్నది. దానికి చప్పుడు లేదు. కేంద్రప్రభుత్వమైతే 2015లోనే తన గెజెట్టును కాగితముపై అచ్చువేయుట మానినది.

దీని బరువు బోధన్ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యము చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. 2019 జూనులో హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు దానిని లిక్విడేషనుకు పంపినది. అప్పటి నిబంధనల ప్రకారము అట్టి ప్రకటన ఇంగ్లీషు పత్రిక యొకదానిలోను, ప్రాంతీయభాషా పత్రిక యొకదానిలోను, దివాలా బోర్డువారి వెబ్‌సైటులోను వెలువడవలెను; 30 దినములలో బాకీ రావలసినవారు క్లెయిము పెట్టుకొనవలెను. శక్కర్‌నగర్ క్వార్టర్లలోని కార్మికుడు ఆ వెబ్‌సైటు పేరైన వినియుండునా? ఆ దినమున పత్రిక చూడనివాని జీతపు బకాయి మాట యేమి?

భూముల సంగతియు నిట్లే. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టము మంచిదే. ప్రాథమిక నోటిఫికేషనును గెజెట్టులో, రెండు దినపత్రికలలో, వెబ్‌సైటులో ప్రకటించుటయే గాక, పంచాయతీలోను తహసీలు కార్యాలయములోను స్థానికభాషలో నుంచవలెనని 11వ సెక్షను చెప్పుచున్నది. అభ్యంతరములకు 60 దినముల గడువు. మా పొరుగు రైతొకరు గడువు దాటిన పిదప ఒక కార్యాలయమునకు పోగా, "వెబ్‌సైటులో పెట్టినాము గదా" యనిరి. ఆ రాత్రి ఇద్దరమును కూర్చుండి, సర్వే నంబరు కొట్టి యెంతయో వెదకితిమి, దొరకలేదు. కారణము తరువాత తెలిసినది. ఆ కాగితమును బొమ్మగా తీసి పెట్టినారు. బొమ్మలోని యక్షరములు అట్టి వెదకులాటకు చిక్కవు. నిజాము కాలమున సర్కారు జరీదా ఉర్దూలో వచ్చెడిది. మన తాతలకు అది యెంత దూరమో, మనకు ఇదియు నంత దూరమే.

కావున కార్యవర్గమువారికి నా మనవి. గ్రంథపాలకుడు వారమునకొకమారు మన మండలమునకు సంబంధించిన ప్రకటనలను దించి, కాగితముపై తీసి, గడువు తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాసి, దినపత్రికల బల్లపై నుంచవలెను. సంతనాడు ఎవరైన చదివి వినిపించిన మఱియు మేలు. చదువురాని వారికిని భూములున్నవి గదా!

ఖర్చెక్కడిదని కార్యదర్శిగారు ఇంతకుముందే నన్నడిగిరి. ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనము చెల్లించుచున్నాము. నిజామాబాదు వెళ్ళి జిల్లా గ్రంథాలయ సంస్థవారిని అడుగుదము. వారిచ్చునంతదాక కాగితము నేను కొని యిచ్చెదను.