ఆర్15కి కొత్త టైర్లు వేయిస్తున్నారా? వెడల్పు చూసి మోసపోకండి

కామెంట్లలో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఆర్15 కొని మూడేళ్లయింది, వెనక టైరు అరిగిపోయింది, ఏది వేయించమంటారు? 150 సైజు వేస్తే లుక్ బాగుంటుందంట కదా?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. నేనూ ఆర్15 నడుపుతాను కాబట్టి ఉదాహరణలన్నీ ఆ బండితోనే చెప్తాను. మీది ఆర్‌సీ 390 అయినా, నింజా 300 అయినా, అపాచీ ఆర్‌ఆర్ 310 అయినా సైజు నంబర్లు మారతాయి అంతే, లెక్క మాత్రం అదే.

ముందు ఒక్క మాట. బండికి ఎంత పెద్ద డిస్క్ ఉన్నా, ఏబీఎస్ ఉన్నా, చివరికి రోడ్డుని పట్టుకునేది ముందు ఒక అరచెయ్యంత, వెనక ఒక అరచెయ్యంత రబ్బరు. మనం బ్రేక్ వేస్తే ఆగాల్సింది దాని మీదే, వంపులో బండి వంచితే మనల్ని నిలబెట్టాల్సిందీ అదే. అందుకే ఎగ్జాస్ట్‌కి, స్టిక్కర్లకి పెట్టే డబ్బుని ముందు టైర్లకి పెట్టండి అంటాను.

సరే, అసలు మార్చాలా వద్దా ఎలా తెలుస్తుంది? టైరు అంచున చిన్న బాణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. అక్కడి నుంచి నేరుగా గాడిలోకి చూడండి. గాడి అడుగున చిన్న గట్టు కనిపిస్తుంది. పైనున్న రబ్బరు అరిగి అరిగి ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. అంతదాకా ఆగకండి, వానాకాలం ముందు కొంచెం మిగిలి ఉండగానే మార్చేయండి. ఎందుకంటే గాళ్ల పని నీళ్లని పక్కకి తోసేయడం. గాడి లోతు తగ్గితే నీళ్లు వెళ్లడానికి దారి ఉండదు, రబ్బరు నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు ఎంత మంచి బ్రేకులున్నా పెద్దగా పని చేయవు.

ఇంకో రకం అరుగుదల ఉంది. హైవే మీద నేరుగా ఎక్కువ నడిపేవాళ్లకి టైరు మధ్యలో చదునైపోతుంది, పక్కలు మాత్రం కొత్తవాటిలా ఉంటాయి. వెనక నిలబడి చూడండి, గుండ్రంగా ఉండాల్సింది బల్ల మీద పెట్టి కోసినట్టు కనిపిస్తుంది. ఆ టైరుతో మలుపు తిరిగితే బండి మొదట వంగనంటుంది, తర్వాత ఒక్కసారిగా పడినట్టు వంగుతుంది. పక్కల్లో గాళ్లు బాగున్నాయి కదా అని దాన్ని లాగించకండి. అలాగే సైడ్ గోడ మీద సన్నటి పగుళ్లు వచ్చాయంటే గాళ్లు ఎంత ఉన్నా తీసేయాల్సిందే.

ఇప్పుడు సైజు. మీ టైరు పక్కన రాసి ఉన్నది చదవండి. ఆర్15 వెనక 140/70 ఆర్ 17 అని ఉంటుంది. 140 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే సైడ్ గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం అని, అంటే 98 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 17 అంటే రిమ్ము 17 అంగుళాలు. దాని పక్కనే 66 హెచ్ అని ఉంటుంది చూడండి, చాలా మంది అది పట్టించుకోరు. 66 అంటే ఆ టైరు 300 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని. కొత్తది కొనేటప్పుడు ఈ రెండూ పాతదానితో సమానంగానైనా ఉండాలి, ఎక్కువగానైనా ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు. ఐఎస్ఐ మార్క్ కూడా ఉందో లేదో చూసుకోండి.

ఇక అందరూ అడిగే 150 సంగతి. రీల్స్‌లో చూస్తే వెనక లావు టైరుతో బండి భలే ఉంటుంది, కాదనను. కానీ లెక్క చూద్దాం. 140/70 టైరు మొత్తం ఎత్తు, రిమ్ముతో కలిపి, దాదాపు 628 మిల్లీమీటర్లు. 150/60 వేస్తే దాదాపు 612 వస్తుంది. అంటే టైరు లావైంది కానీ పొట్టిదైంది, బండి వెనక భాగం 8 మిల్లీమీటర్లు కిందికి దిగింది. అదే 150/70 వేస్తే 642 వస్తుంది, బండి 7 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ స్పోర్ట్స్ బండి మలుపులో ఎంత చురుగ్గా తిరగాలి, నేరుగా వెళ్లేటప్పుడు ఎంత నిలకడగా ఉండాలి అనేది ఈ ముందు వెనక ఎత్తుల తేడా మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి రెండు చక్రాల వేగాన్ని పోల్చి చూస్తూ పని చేస్తుంది. ఆ లెక్క కంపెనీ ఇచ్చిన టైరు సైజుకే సెట్ చేసి ఉంటుంది.

అసలు సమస్య ఇంకోటుంది. రిమ్ము మారలేదు కదా! 140 కోసం చేసిన రిమ్ము మీద 150 ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుంటాయి, మధ్య భాగం ఉబ్బుతుంది. అంటే వెనక నుంచి చూస్తే లావుగానే కనిపిస్తుంది, కానీ లావు పెరిగినంత గ్రిప్పు పెరగదు. నేరుగా వెళ్లేటప్పుడు రోడ్డుకి తగిలే భాగం పెరగకపోగా తగ్గే అవకాశం ఉంది. మీరు డబ్బులు పెట్టి కొన్నది లుక్కు మాత్రమే, గ్రిప్పు కాదు. ఒక ఫ్రెండ్ బండికి ఇలాగే లావు టైరు వేయించాడు. ఒక్కడే నడిపినన్నాళ్లూ ఏమీ తెలియలేదు. వెనక ఒకరు కూర్చుని స్పీడ్‌బ్రేకర్ దిగగానే కర్రుమని శబ్దం, చూస్తే టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుని గీత పడింది. నెల తిరక్కుండానే మళ్లీ 140కి వచ్చేశాడు. రెండు టైర్ల ఖర్చు.

కాబట్టి రూల్ నంబర్ వన్: సైజు కంపెనీదే. ఇందులో చర్చ లేదు.

రూల్ నంబర్ టూ, రేడియల్ తీసేసి బయాస్ వేయించకండి. బయాస్ అంటే లోపలి దారాలు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి వెళ్లే టైరు. గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా వెళ్తాయి, వేగంగా వెళ్లేటప్పుడు తక్కువ వేడెక్కుతుంది, రోడ్డుకి బాగా పరుచుకుంటుంది. ఆర్15కి ముందు 100/80-17 బయాస్, వెనక రేడియల్ కంపెనీయే ఇచ్చింది, అలా నడపడంలో తప్పేం లేదు. కానీ దాన్ని తిరగేసి ముందు రేడియల్, వెనక బయాస్ మాత్రం ఎప్పుడూ వద్దు. షాపులో "రెండూ ఒకటే బ్రో, వెయ్యి తగ్గుతుంది" అంటారు. ఒకటి కాదు.

ఇప్పుడు అసలైన ఎంపిక, రబ్బరు రకం. మెత్తటి రబ్బరు రోడ్డుని బాగా పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు చాలా కాలం వస్తుంది, పట్టు కొంచెం తక్కువ. రెండిటికీ మధ్యలో డ్యుయల్ కాంపౌండ్ ఉంటుంది, అంటే మధ్యలో గట్టి రబ్బరు, పక్కల్లో మెత్తటిది. ఏది మంచిదని అడగకండి, మీరు బండి ఎక్కడ నడుపుతారో చెప్పండి.

రోజూ కాలేజీకో ఆఫీసుకో వెళ్లేవాళ్లు, సిటీ ట్రాఫిక్, వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుంటారు. వీళ్లకి కావాల్సింది తడి రోడ్డు మీద పట్టు, ఎక్కువ కాలం మన్నిక. గాళ్లు బాగా ఉన్న రేడియల్ తీసుకోండి. మన దేశపు కంపెనీల్లో అపోలో ఆల్ఫా, సియట్ జూమ్ రాడ్, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రోటార్క్, ఎమ్మారెఫ్ రేడియల్స్ ఉన్నాయి.

రెండో రకం, వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే పట్టేవాళ్లు. వందల కిలోమీటర్లు నేరుగా పోతారు, మధ్య భాగం అరిగేది వీళ్లకే. డ్యుయల్ కాంపౌండ్ ఉన్న స్పోర్ట్ టూరింగ్ టైరు సరిపోతుంది. మిషెలిన్ రోడ్ 5 లాంటివి ఈ రకం.

మూడో రకం, శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు, అప్పుడప్పుడు చెన్నై, కోయంబత్తూర్ ట్రాక్‌కి వెళ్లేవాళ్లు. పిరెల్లి డయాబ్లో రోసో, మెట్జెలర్ స్పోర్టెక్ లాంటి స్పోర్ట్ టైర్లు వీళ్లకి. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఎంత మెత్తటి టైరుకైనా పూర్తి పట్టు రావాలంటే కొంచెం వేడెక్కాలి. డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగి చలిలో మొదటి మలుపులోనే రేస్ ట్రాక్ అనుకుంటే కుదరదు. ఇక గాళ్లే లేని స్లిక్ టైర్లు రోడ్డు మీద అసలు వద్దు.

పేర్లు చెప్పాను కాబట్టి చెప్తున్నా, ఇది పెయిడ్ ప్రమోషన్ కాదు. మీ సైజులో, మీ ఊళ్లో దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి.

మా పిన్ని కొడుకు గుంటూరులో ఉంటాడు. రోజూ చెల్లిని వెనక ఎక్కించుకుని కాలేజీలో దింపి తను వెళ్తాడు. టైరు మార్చాలని ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నా దగ్గర ఉన్నది ఒక్క టైరుకే సరిపోతుంది. అదేదో ఇంపోర్టెడ్ స్పోర్ట్ టైరే వేయించేస్తా, అందరూ చూస్తారు" అన్నాడు. నేను ఒకటే అడిగాను, "నువ్వు వారంలో ఎన్నిసార్లు ఘాట్ ఎక్కుతావురా?" అని. నవ్వాడు. "చెల్లి వెనక కూర్చుని ఎన్నిసార్లు వానలో వెళ్తుంది?" అంటే ఏం మాట్లాడలేదు. చివరికి కంపెనీ సైజులో మన దేశపు రేడియల్ వేయించాడు, మిగిలిన డబ్బుతో బ్రేక్ ప్యాడ్లు మార్పించాడు. ముందు టైరు చూస్తే ఇంకో ఏడాది వచ్చేలా ఉంది, దాన్ని అలాగే ఉంచాడు. స్టేటస్ పెట్టుకోవడానికి ఏం లేదు కానీ బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగుతుంది.

డబ్బు లెక్క కూడా ఇలా వేయండి. ఉదాహరణకి 6 వేల టైరు 20 వేల కిలోమీటర్లు వచ్చిందనుకోండి, కిలోమీటరుకి 30 పైసలు. 9 వేల మెత్తటి టైరు 12 వేలకే అయిపోతే 75 పైసలు. ఆ పట్టు మీరు నిజంగా వాడేవాళ్లయితే 75 పైసలు పెట్టండి, దండగ కాదు. ట్రాఫిక్‌లో నిలబడటానికైతే ఎందుకు?

షాపుకి వెళ్లాక ముందు టైరు వయసు చూడండి. పక్కన కోడి గుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. నేనైతే ఏడాది లోపుదే అడుగుతాను. "డిస్కౌంట్ ఇస్తాం" అని మూడు నాలుగేళ్ల స్టాకు చూపిస్తే నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్లండి. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. టైరు మీద బాణం గుర్తు బండి ముందుకి వెళ్లేటప్పుడు చక్రం తిరిగే వైపే ఉందా? వాల్వు కూడా కొత్తది వేశారా? రిమ్ము గీతలు పడకుండా సరైన మెషీన్ మీద ఎక్కిస్తున్నారా? వీల్ బ్యాలెన్సింగ్ చేస్తారా? ఈ నాలుగూ అడగండి. చిన్న షాపులో బైక్‌కి బ్యాలెన్సింగ్ లేకపోతే, ఉన్న షాపు వెతుక్కోండి, స్పీడులో హ్యాండిల్ వణకడం తగ్గుతుంది.

కొత్త టైరు వేసిన రోజే హీరోయిజం వద్దు. పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 100, 150 కిలోమీటర్లు గట్టిగా బ్రేక్ కొట్టకుండా, ఎక్కువ వంచకుండా, వంపు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ నడపండి. గాలి ఎంత ఉండాలో బండి మీద స్టిక్కర్‌లో, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు "ఎంత కొట్టమంటారన్నా" అంటే మీరే నంబరు చెప్పాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి, పది పదిహేను రోజులకి ఒకసారైనా. పంక్చర్ సైడ్ గోడకి పడితే అతుకు వేయించొద్దు, టైరే మార్చండి.

అంతే ఫ్రెండ్స్. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఒకసారి బండి దగ్గరికి వెళ్లి రండి. టైరు పక్కనున్న సైజు, నాలుగు అంకెల తయారీ తేదీ, రోజూ ఎంత దూరం ఎలాంటి రోడ్ల మీద వెళ్తారు, వెనక ఎవరు కూర్చుంటారు, ఇవి కామెంట్‌లో పెట్టండి. నాకు తెలిసినంతలో జవాబు ఇస్తాను. అమ్మనో, చెల్లినో, ఫ్రెండ్‌నో రోజూ వెనక ఎక్కించుకునే తమ్ముళ్లెవరైనా ఉంటే వాళ్లకి ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చెయిన్, స్ప్రాకెట్ గురించి మాట్లాడుకుందాం. హెల్మెట్ పెట్టుకోండి, వెనక కూర్చునేవాళ్లకీ పెట్టండి. ఉంటాను, బై.