మొరాయించిన డిఫరెన్షియల్

పిల్లలకు పనికొచ్చే మాట నాలుగు ముక్కల్లో చెప్పమన్నారు. నాకు బాగా తెలిసింది లారీ వెనక ఇరుసు, అదే చెబుతాను.

నట్లు విప్పినా డిఫరెన్షియల్ ఒక్కోసారి హౌసింగ్‌ను వదలదు. వెంటనే సుత్తీ ఉలీ అందుకుంటారు. ముందు చూడాల్సింది, రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు బయటికి వచ్చాయా అని. వాటి పళ్లు లోపలి గేర్లలో ఉన్నంతసేపు ఏనుగును కట్టి లాగించినా రాదు.

షాఫ్టులు తీసినా కదలకపోతే, పట్టుకున్నది పాత గాస్కెట్టూ తుప్పూను. చాలా బండ్లలో క్యారియర్ అంచున మరలు కోసిన ఖాళీ రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు వేసి అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు బిగిస్తూ పోతే తనంతట తనే విడివడుతుంది. మన సైన్సు మాస్టారు చెప్పిన వాలుతలమే ఆ మర! ఉలి దూరిస్తే అంచు గీరుకుపోయి ఆయిల్ కారుతూనే ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పెద్ద లారీల్లో దీని బరువు వంద కిలోలు దాటుతుంది. కింద పడుకునేది మేస్త్రి కాదు, హెల్పర్ కుర్రాడు. అందుకని పైనున్న రెండు నట్లు వదులు చేసి, మరల చివర ఉంచేయాలి. ఊడినప్పుడు ఆ బరువు కుర్రాడి గుండెల మీదకు రాకుండా వాటి మీద ఆగుతుంది. జాకీ కింద పెట్టి, బరువు దానిమీదకు వచ్చాకే ఆ రెండూ తీయాలి.

మన బడి పిల్లలు కొందరు ఆ షెడ్లకే వెళతారు. ఈ బొమ్మ గీసి తెచ్చాను, సైన్సు గదిలో తగిలించండి.