అద్దె బీరువాలో మన సంచికలు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకొసగిన విషయము బడిపంతుళ్లకు అలవాటైనది కాదు. ఛందస్సును గూర్చియో, మాతృభాషా బోధనను గూర్చియో మాటలాడుమన్నచో గంటసేపు మాటలాడగలను. కార్యవర్గమువారు మాత్రము ఐక్లౌడ్ అను చందా సదుపాయమును గూర్చి, అందు ఇటీవల జరిగిన మెరుగులను గూర్చి చెప్పుమనిరి. కారణము మీలో చాలమందికి తెలియును. మన బడిలో చదివి నేడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న బాలుడొకడు మన పాత వార్షిక సంచికలను, ప్రవేశపు రిజిస్టర్లను, ఛాయాచిత్రములను స్కాను చేయించి, తన ఐక్లౌడ్ ఖాతాయందు దాచి యుంచెదనని ముందుకు వచ్చినాడు. చందా పైకము కూడ తానే భరించునట. అతని ఔదార్యము గొప్పది. దానిని ఏ నియమములపై అంగీకరింపవలెనన్నదే మన ముందున్న ప్రశ్న.

ఆ కాగితముల విలువ క్రొత్తగా వచ్చినవారికి తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు చెప్పెదను. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తముమీద 40 మంది గాని పిల్లలున్నచో వారికి ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై నిర్ణయించిరి. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. తమిళనాట తరతరములుగా స్థిరపడిన మనకు ఈ రెండును ఆధారములు. అయితే పదిమంది ఉన్నారని నిరూపించునది ఉపన్యాసము కాదు, రిజిస్టరు. తెలుగు తరగతి ఎత్తివేయుదురను మాట పుట్టినప్పుడెల్ల మన పెద్దలు అధికారుల బల్లమీద పెట్టినది ఆ రిజిస్టర్లనే. నేడు వాని అంచులను చెదలు తినుచున్నవి. సంచికలలో కొన్నింటికి మిగిలినది ఒక్కొక్క ప్రతియే.

ఇక విషయమునకు వచ్చెదను. ఐక్లౌడ్ అనునది మూడు పనులు కలిసిన సదుపాయము. ఈమెయిలు, అనగా ఉత్తరములు. పిదప నిల్వ, అనగా మన దస్తావేజులను, చిత్రములను ఎక్కడనో దూరముననున్న కంపెనీవారి యంత్రములలో దాచుట. మూడవది సింక్. దీనిని తెలుగున ఏమనవలెనో పండితులు తేల్చవలెను. నేను పిల్లలకు ఇట్లు చెప్పుచుందును. హాజరుపట్టీకి నాలుగు ప్రతులున్నవనుకొనుడు: ఒకటి తరగతిలో, ఒకటి నా గదిలో, ఒకటి సంఘ కార్యాలయమున, ఒకటి కార్యదర్శిగారి యింట. తరగతి ప్రతిలో ఉపాధ్యాయుడొక పేరు దిద్దిన వెంటనే తక్కిన మూడింటిలోను ఆ పేరు తనంతట తానే మారినచో అది సింక్. ఫోనులో వ్రాసినది ఇంటనున్న కంప్యూటరులోను కనబడుట ఈ ఏర్పాటు వలననే.

కాలిఫోర్నియాలోని ఆపిల్ కంపెనీవారు దీనిని 2000 జనవరిలో ఐటూల్స్ అను పేర ఉచితముగా ప్రారంభించిరి. నాడిచ్చిన నిల్వస్థలము 20 మెగాబైట్లు. నేటి ఫోనుతో తీసిన చిత్రములు పదియైనను అందు పట్టుట కష్టము. 2002లో డాట్ మ్యాక్ అని పేరు మార్చి, ఉచితమన్నదానికి ఏడాదికి 99 డాలర్ల 95 సెంట్లు చందా విధించిరి. 2008 జూలైలో మరల పేరు మారి మొబైల్‌మీ అయినది. చందా 99 డాలర్లు, స్థలము 20 గిగాబైట్లు.

ఆ ప్రారంభము ఏ ముహూర్తమున జరిగినదో గాని చందాదారులు పడరాని పాట్లు పడిరి. ఉత్తరములు నిలిచిపోయినవి. నూటికొకరు చొప్పున దినముల తరబడి తమ ఉత్తరములను తాము చూడలేకపోయిరి. కంప్యూటరులో చేసిన మార్పు తక్షణమే ఫోనుకు చేరునని చాటిరి గాని, తీరా చూడగా పావుగంట పట్టుచుండెను. కంపెనీవారు పరిహారముగా చందా గడువును మొదట 30 దినములు, పిదప మరి 60 దినములు పొడిగించిరి. నాకు నచ్చిన సంగతి యేమనగా, గడువు పొడిగించి ఊరకుండక పనిని కూడ సరిచేసిరి. 2008 డిసెంబరులో వచ్చిన మార్పుతో చిరునామాలు, తేదీల పట్టిక ఒక్క నిమిషము లోపల అన్ని యంత్రములకును చేరసాగినవి. 2009 జూన్‌లో పోగొట్టుకొన్న ఫోను ఎక్కడున్నదో పటముమీద చూచుకొను వీలు, పరులచేత పడినచో అందలి సమాచారమును దూరమునుండియే తుడిచివేయు వీలు చందాదారులకు లభించినవి. ఇవి నిజమైన మెరుగులని ఒప్పుకొనవలెను.

2011 అక్టోబరు 12న ఐక్లౌడ్ వచ్చినది. 5 గిగాబైట్లవరకు ఉచితము, ఆపైన చందా. మొబైల్‌మీ 2012 జూన్ 30న మూతపడినది. ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడు. ఉత్తరములు, చిరునామాలు క్రొత్త యింటికి మారినవి. కాని ఐడిస్క్ అను అరలోని దస్తావేజులను, గ్యాలరీలోని చిత్రములను, ఐవెబ్‌తో ప్రచురించిన పుటలను యజమానులు తామే దించుకొని వేరొకచోట పెట్టుకొనవలసి వచ్చినది. ఏటేటా తప్పక చందా కట్టినవారికిని అదే గతి. ఇంటివాడు చెడ్డవాడు కాడు. ఏడాది ముందుగా తెలిపినాడు. కాని ఇల్లు అతనిది, సామాను మనది. ఆ ఏడాదిలో ఆ ప్రకటన చదువనివారు, చదివియు రేపు చూతమనుకొన్నవారు, మంచముపట్టినవారు ఎందరుందురో ఊహింపుడు.

ఇటీవలి మెరుగులలో మనకు పనికివచ్చునవి కొన్ని కలవు. 2021 సెప్టెంబరునుండి చందాదారులు తమ సొంత పేరుగల చిరునామాను ఐక్లౌడ్ ఉత్తరములకు వాడుకొనవచ్చును. అనగా మన సంఘము పేరుతోనే ఈమెయిలు పంపవచ్చును. ఆ పేరును నమోదుచేసి యుంచుకొనుటకు వేరుగా ఏటేటా రుసుము చెల్లింపవలెనన్నది మరువరాదు. అసలు చిరునామా చూపక మారుచిరునామా నిచ్చు వీలు కూడ అప్పుడే వచ్చినది. దుకాణములవారికి మన చిరునామా తెలిసినచో ఏమి జరుగునో మీ యందరికిని అనుభవమే. 2022లో ఒకే చిత్రభాండారమును ఆరుగురివరకు కలసి వాడుకొను ఏర్పాటు వచ్చినది. 2023లో 6, 12 టెరాబైట్ల పెద్ద చందాలు పెట్టిరి గాని అవి మనకు అక్కరలేదు. సంచికకు 100 పుటలు, పుటకు ఒక మెగాబైటు చొప్పున లెక్కవేసినచో 50 సంచికలకు 5 గిగాబైట్లగును. ఉచిత స్థలము సరిగా అక్కడికి నిండును. రిజిస్టర్లు, చిత్రములు చేరినచో చందా తప్పదు. 50 గిగాబైట్ల చిన్న చందా మనకు చాలును.

ఇప్పుడు ముఖ్యమైన మాట. సింక్ వేరు, భద్రపరచుట వేరు. పేరు దిద్దినప్పుడు నాలుగు ప్రతులలోను మారినట్లే, ఒక ప్రతిలో పుట చింపినచో నాలుగింటిలోను చినుగును. పసివాడు ఫోనుతో ఆడుకొనుచు 1962 సంచికను తుడిచివేసినచో, అది ఫోనునుండి మాత్రమే పోవుననుకొనవలదు. తుడిచినదానిని 30 దినములలోపల మరల రప్పించుకొను వీలున్నది. మంచిదే. కాని మన కార్యవర్గము కూడునది మూడు నెలలకొకసారి. ఎవరైన ఆ సంచికకై వెదకువేళకు 30 దినములు ఎన్నడో గడచియుండును.

చందా నిలిచినచో నేమగును? నిల్వ హద్దుమీరి యున్నచో క్రొత్త చిత్రములు ఎక్కవు, ఫోను బ్యాకప్ ఆగిపోవును, ఐక్లౌడ్ చిరునామాకు ఉత్తరములు రావు, అందుండి పోవు. మరియొక చిక్కు కూడ కలదు. ఒకరి ఖాతాలోని సంచయమును పదిమందితో పంచుకొన్నను, అది యజమాని లెక్కలోనే యుండును. అతడు పంపకము నిలిపినను, తుడిచివేసినను తక్కిన పదిమంది చేతులును శూన్యములే.

గత సంవత్సరము కాలముచేసిన మన సంఘ పెద్దలొకరి ఫోనులో స్వర్ణోత్సవ చిత్రములు ఉన్నవి. సంకేతపదము ఇంటిలో ఎవ్వరికిని తెలియదు. కుమారులు మూడు దుకాణములు తిరిగిరి, లాభము లేకపోయెను. ఆ ఫోను నేటికిని వారి దేవుని గదిలో నున్నది. ఇట్టి కష్టమునకు విరుగుడుగా ఆపిల్‌వారు 2021 డిసెంబరులో వారసత్వపు ఏర్పాటు చేసిరి. ఖాతాదారుడు జీవించియుండగనే అయిదుగురివరకు వారసులను పేర్కొనవచ్చును. వారికొక గుర్తు సంఖ్య ఇయ్యబడును. దానిని, మరణ ధ్రువపత్రమును చూపినచో ఖాతాలోని చిత్రములు, ఉత్తరములు, దస్తావేజులు వారికి తెరచి యిత్తురు. గడువు మూడేండ్లు, ఆపైన ఖాతా శాశ్వతముగా తొలగింపబడును. ఖాతాదారుడు దాచుకొన్న ఇతర సంకేతపదములు మాత్రము వారసులకు అందవు. నా దృష్టిలో ఇన్ని మెరుగులలోను ఇదియే గొప్పది. వేగమును, స్థలమును పెంచుట వ్యాపారము. మనిషి పోవునని తలచి ఏర్పాటు చేయుట వివేకము.

2022 డిసెంబరులో మరింత గట్టి తాళము వచ్చినది. దానిని వేసికొన్నచో దస్తావేజులను, చిత్రములను కంపెనీవారు కూడ చదువలేరు. ఉత్తరములకు, చిరునామాలకు, తేదీల పట్టికకు ఈ తాళము వర్తింపదు. అవి ఇతర కంపెనీల యంత్రములతో కూడ మాటలాడవలసినవి గదా. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరినుండి క్రొత్తవారికి ఈ తాళము ఇచ్చుట మానిరి. మనకు ఇది అవసరము లేదని నా అభిప్రాయము. తాళపుచెవి పోయినచో తెరచుటకు కంపెనీవారికిని చేతగాదు. మన సంచికలలో రహస్యములేమున్నవి? నలుగురు చదువవలెననియేగదా అచ్చు వేసితిమి.

మన యిండ్లలో ఐఫోన్‌లకంటె ఆండ్రాయిడ్ ఫోనులే యెక్కువ గనుక గూగుల్‌వారి సంగతియు టూకీగా చెప్పెదను. వారు 15 గిగాబైట్లు ఉచితముగా ఇత్తురు. కాని చిత్రములను హద్దులేక దాచుకొనుడన్న మాటను 2021 జూన్ 1నుండి విరమించిరి. రెండేండ్లు ఎవరును తెరువని ఖాతాలను 2023 డిసెంబరునుండి తొలగింప నారంభించిరి. మనుమడు తెరచియిచ్చిన ఖాతాలు గల పెద్దలు అప్పుడప్పుడు వానిని తెరచి చూచుట మంచిది.

తెలుగు అక్షరములను గూర్చి ఒక మాట చెప్పక కదలలేను. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అను అక్షరము, నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేరిన రూపములో, ఐఫోన్‌కు వచ్చినచో ఆ సందేశములు చూపు భాగము కుప్పకూలుచుండెను. లోకమంతట ఐఫోన్‌లు మన జ్ఞానమునకు జడిసినవని మా తెలుగు పండితులు పదిదినములు నవ్విరి. ఆ నెల 19న కంపెనీవారు దిద్దుబాటు పంపిరి. ఇది నవ్వులాట. నవ్వులాట కానిది మరియొకటి కలదు. మన ఇటీవలి సంచికలు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చినవి. ఆ దస్తావేజులను ఎంత మంచి బీరువాలో దాచినను, ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అక్షరములు గిలికినట్లు కనబడును. సింక్ దానిని బాగుచేయదు. కావున వానిని యూనికోడ్‌లోనికి మార్చవలెను. అంతవరకు పీడీఎఫ్ ప్రతిని జతచేయవలెను.

కార్యవర్గమునకు నేను సూచించునది యిది. బెంగుళూరు బాలుని సాయమును సంతోషముతో స్వీకరింతము. అతడు వారసులుగా సంఘ అధ్యక్షులను, కార్యదర్శిని పేర్కొనవలెను. పదవి మారినప్పుడు పేరు మార్చవలెను. పూర్తి ప్రతిని రెండు హార్డ్ డిస్కులలో ఎక్కించి, ఒకటి నా గదిలోని ఇనుప బీరువాలో, రెండవది వేరే ఊరిలోనున్న సభ్యులొకరి యింట ఉంచవలెను. వానికి సింక్ తగిలింపరాదు. ఏడాదికొకసారి, ఈ వార్షికోత్సవమునకు ముందు, వానిని తెరచి చూచి క్రొత్త సంచికను చేర్చవలెను. స్కాను ముగిసినదని అసలు రిజిస్టర్లను పాత కాగితములవానికి అమ్మరాదు. ఈ చివరి మాటను మినిట్స్ పుస్తకమున వ్రాయింపవలసినదిగా కోరుచున్నాను.

పని వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు గ్రంథాలయమున ఆరంభమగును. తొమ్మిదవ తరగతి పిల్లలు ఆరుగురు పుటలు త్రిప్పుటకు వత్తురు. మీ యిండ్లలో బడి పాత చిత్రములున్నచో తెచ్చి, వెనుకవైపున పేర్లు, సంవత్సరము పెన్సిలుతో వ్రాసి యిండు. సంచికలలో 1958, 1961, 1967 సంవత్సరములవి మన వద్ద లేవు. ఎవరి అటకమీదనైన ఉన్నవేమో వెదకి చెప్పుడు. సెలవు.