దుబాయి టేప్‌రికార్డరు
(ఈసా టౌన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడ్డ అక్కలకు, వదినలకు దండాలు. సైటులో కేకలు వేయడం తప్ప మైకు పట్టుకుని మాట్లాడటం మాకు అలవాటు లేదు. "మన కాలం ఫ్యాషన్లు, పాటలు, నేటి సమాజం" అని విషయం ఇచ్చారు. మా గదిలో ఐదుగురం నాలుగు రాత్రులు కూర్చుని అనుకున్న మాటలే ఇవి. అందుకే "మేము" అని చెప్తున్నాం. తప్పులుంటే ఐదుగురివీ.

మొన్నొక శుక్రవారం ఇక్కడి మార్కెట్‌కు పోయినం. మీకు తెలిసిందే, పాత సోఫాలు, సైకిళ్ళు, ఫ్యాన్లు, ఎవరో వదిలేసి పోయిన సూట్‌కేసులు అన్నీ దొరుకుతాయక్కడ. 2012లో కాలిపోయి మళ్ళీ లేచిన మార్కెట్ అది. ఒక దుకాణం ముందు నేల మీద పానాసోనిక్ టేప్‌రికార్డరు కనిపించింది. రెండు స్పీకర్లది, పైన పట్టుకోవడానికి పిడి. ఐదుగురం అక్కడే ఆగిపోయినం. నాలుగు దీనార్లు అన్నాడు, బేరమాడితే రెండున్నరకు ఇచ్చాడు.

జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు, సిరిసిల్ల దిక్కు పుట్టినవాళ్ళకు ఆ పెట్టె ఏంటో చెప్పే పని లేదు. మా చిన్నప్పుడు మా ఊళ్ళకు ఫ్యాషను హైదరాబాదు నుంచి రాలేదు, బొంబాయి నుంచి కూడా రాలేదు. గల్ఫు నుంచి వచ్చింది. మనిషి మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా, రియాద్ పోయినా ఊళ్ళో మాత్రం "దుబాయి పోయిండు" అనేవాళ్ళు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ మనిషి జీపు దిగితే సెంటు వాసన వాకిట్లోకి ముందే వచ్చేది. తెల్ల బట్టలు, నల్లద్దాలు, చేతికి బంగారు రంగు గడియారం. పెట్టె విప్పితే మెత్తటి దుప్పటి, టైగర్ బామ్, టాంగ్ డబ్బా, ప్యాంటు గుడ్డలు. అన్నిటికన్నా పైన టేప్‌రికార్డరు. ఆ సాయంత్రం దాన్ని అరుగు మీద పెట్టి పాటలు వేస్తే వాడ వాడంతా అక్కడే. మేము అప్పుడే ఒకటి నిశ్చయించుకున్నాం, పెద్దయ్యాక ఆ నల్లద్దాలు మేమే పెట్టుకోవాలని.

ఇక మా వయసుకు వస్తే, 2000 నుంచి ఏడెనిమిదేళ్ళు. ఆ ముందూ వెనకా కాలమంతా మాకు కాలమే కాదన్నట్టు మాట్లాడుకుంటాం. "చిత్రం", "నువ్వు నేను", "మనసంతా నువ్వే" సినిమాలకు ఆర్.పి. పట్నాయక్ పాటలు. 2001లో "ఖుషి"కి మణిశర్మ. తర్వాత "వర్షం", "ఆర్య" సినిమాలతో దేవిశ్రీ ప్రసాద్ వచ్చి బస్సులన్నీ ఊపేశాడు. కొత్త కాసెట్టు కొనడానికి పైసలు ఎక్కడివి? రికార్డింగు సెంటరుకు పోయి, నచ్చిన పాటలు కాగితం మీద రాసిచ్చి, ఖాళీ కాసెట్టులో ఎక్కించుకునేవాళ్ళం. ఈ పక్క హుషారు పాటలు, ఆ పక్క విషాదం. రీలు బయటికి వస్తే పెన్సిలు పెట్టి తిప్పడం. బ్యాటరీలు అయిపోతే ఎండలో పెట్టడం. పంద్రాగస్టుకు స్కూలు మైకులో సినిమా పాట వేయించుకున్నోడే మాలో గొప్పోడు. ఇంకోపక్క ఊళ్ళల్లో ధూంధాం ఆటపాటలు మొదలయ్యాయి. గోరటి వెంకన్న పల్లె పాట "కుబుసం" సినిమాలో వచ్చింది. ప్రేమ పాటకు, ఆ పాటకు నడుమ మాకు తేడా లేదు, రెండూ ఒకే కాసెట్టులో ఎక్కించినం.

బట్టల సంగతి చెప్తే ఇప్పుడు నవ్వొస్తది. ఆరు జేబుల కార్గో ప్యాంటు కోసం మాలో ఒకరు రెండు పూటలు అన్నం మానేసి ఇంట్లో పంతం పట్టాడు. ఇయ్యాళ అదే ప్యాంటు వేసుకుని జేబుల్లో టేపు, మార్కరు, మేకులు పెట్టుకుని షటరింగు చూస్తున్నాడు. 2003లో "తేరే నామ్" వచ్చింది. సల్మాన్ ఖాన్ నడిపాపిడి, మెడ దాకా జుట్టు. మేము పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం. క్లాసులో సగం మంది తలలు అట్లనే. వర్క్‌షాపు సారు "జుట్టు మెషిన్‌లో పడితే తల కూడా పోతది, కత్తిరించుకున్నాకే రా" అని బయట నిలబెట్టాడు. మూడు రోజులు బయటే నిలబడ్డాం, నాలుగో రోజు మంగలి దగ్గరికి పోయినం. హెల్మెట్టు పెట్టుకోనని తలెగరేసే పోరగాళ్ళను ఇప్పుడు మేమే సైటు బయట నిలబెడుతున్నాం. సారు గుర్తుకొస్తాడు.

మా పెద్దోళ్ళు మా జుట్టు చూసి "దేశం చెడిపోయింది" అన్నారు. వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో చూస్తే బెల్‌బాటం ప్యాంట్లు, చెవుల కిందికి కృతాలు. కాబట్టి ఈనాటి పిల్లల చిరిగిన జీన్సు గురించి, రంగేసిన జుట్టు గురించి మేము ఏమీ అనము. పాట అర్థం కాకపోతే అది మా వయసు తప్పు.

అనేది ఒక్కటుంది. మేము పంతం పట్టిన ప్యాంటు ఖరీదు నాయిన జేబులో ఉంటే వచ్చింది, లేకపోతే రాలేదు. ఇప్పుడు ఫోనైనా బండైనా కిస్తీ మీద వస్తది, కిస్తీ ఇక్కడి నుంచి పోతది. సెలవు మీద పోయేటప్పుడు మనమేం తక్కువ? ముప్పై కిలోల పెట్టె నింపడానికి గదిలోవాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని, తిరిగొచ్చాక ఆరు నెలలు తీరుస్తాం. ఊళ్ళో ఆ పెట్టె ఒక్కటే కనపడుతది.

మా ఐదుగురిలో ఒకరి కథ చెప్తాం, ఆయన ఒప్పుకున్నాడు. వాళ్ళ నాయిన సౌదీలో ఉండేవాడు. అప్పట్లో ఫోను చేయాలంటే నిమిషం లెక్క, ఉత్తరం రావాలంటే పదిహేను రోజులు. అందుకని కాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. ఆ నాయిన కాసెట్టుకు పైనున్న చిన్న పలుకులు విరిచి పంపాడు, దాని మీద మళ్ళీ రికార్డు కాకుండా. మావాడికి పదిహేనేళ్ళు, ఖాళీ కాసెట్టు లేదు, పాటల పిచ్చి. విరిచిన చోట కాగితం ఉండ కూరి "నువ్వు నేను" పాటలు ఎక్కించుకున్నాడు. నాయిన తిరిగొచ్చాడు, కొన్నేళ్ళకు పోయాడు. ఇంట్లో గొంతు ఉన్నది ఆ ఒక్క కాసెట్టులోనే. రెండో పక్క చివర పాట అయిపోయాక ఒక్క నిమిషమంత మిగిలింది. నాయిన "ఇక్కడ అంతా మంచిగున్నది, రంది పెట్టుకోకండ్రి" అంటుంటే, వెనక నుంచి ఎవరో "లైటు తియ్యి భై, నాలుగింటికి డ్యూటీ ఉంది" అంటాడు. అంతే, అక్కడికి ఆగిపోతది. ఆ వెనక మాట ఏందో మావాడికి ఇక్కడికొచ్చి మంచం కింద అలారం పెట్టుకున్నాకే తెలిసింది.

నాయినది అబద్ధమని మేము అనము. ఇంట్లో ముసలి తల్లి వింటుంటే ఇంకేం చెప్తాడు? కానీ మేము చేసేది వేరే. పోయిన ఎండాకాలం మా సైటుకు ఇరవై ఒక్కేళ్ళ పిల్లగాడు వచ్చాడు, మా పక్క మండలమే. ఏజెంటుకు లక్షన్నర కట్టి, విజిట్ వీసా మీద దిగాడు. పనికి వర్క్ పర్మిట్ లేదు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండకు పని ఆపే సమయంలో నీడన కూర్చుని "ఎందుకొచ్చినవ్ తమ్మీ?" అని అడిగినం. ఫోను తీసి చూపించాడు. అందులో ఉన్నది మేమే. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట మేడల ముందు నల్లద్దాలు పెట్టుకుని, తెల్ల కారుకు ఆనుకుని, వెనక "ఆర్య" పాట పెట్టి చేసిన వీడియో. కారు కన్సల్టెంటుది. పిల్లగాడు "నీ వీడియో చూసే వచ్చిన అన్నా" అన్నాడు. వాడి ముఖంలో కోపం లేదు, అదే మాకు ఎక్కువ బాధైంది. వాడిని చందాలు వేసి వెనక్కి పంపించినం. అప్పు మాత్రం వాడి ఇంటి మీదే ఉంది, ఇంకా తీరలేదు.

2007లో "దుబాయ్ శీను" చూసి కడుపు పగిలేలా నవ్వినం, దుబాయి పోదామని బయలుదేరి బొంబాయిలో మోసపోయే కథ. ఈ పిల్లగాడి ముందు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ వీడియో తీసేసినం. దాని బదులు మా గది, ఆరు మంచాలు, బస్సు కోసం నాలుగింటికి లైను పెట్టినాం. లైకులు పదకొండు వచ్చాయి. కానీ ఇద్దరు ఫోను చేసి "వీసా ఎట్లాంటిది అడగాలన్నా?" అని అడిగారు. పదో తరగతి పాసు కాకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు, ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు, చేతిలో కాంట్రాక్టు, ఇవి లేకుండా విమానం ఎక్కొద్దని చెప్పినం.

టేప్‌రికార్డరు సంగతి మరిచినం. బెల్టు పోయింది, వేయించినం, ఇప్పుడు పాడుతోంది. సెలవు మీద ఇంటికి పోయేవాళ్ళు అటక మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఒకసారి చూడండి. నాయినదో మామదో గొంతున్న కాసెట్టు దొరికితే పట్టుకురండి. బూజు పడితే మీరు తుడవొద్దు, అట్లనే తెండి. ఫోనులోకి ఎక్కించి ఇస్తాం. కాగితం ఉండ కూరి పాటలు ఎక్కించిన కాసెట్టైనా సరే, చివరిదాకా వింటాం. శుక్రవారం మధ్యాహ్నం మూడు తర్వాత గదిలోనే ఉంటాం. భోజనాలు సిద్ధమన్నారు.