మానెయ్యమని చెప్పే ముందు



మేము ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న వైద్యులం. మాలో కొందరం ఈ గూడేల్లోనే పుట్టి పెరిగినవాళ్లం. తాగుడు గురించి మాట్లాడతామంటే మన పెద్దల ముఖం మారుతుంది. ఆ కోపం న్యాయమైనదే. గిరిజనుడంటేనే తాగుబోతు అన్నట్టు మాట్లాడే బయటివాళ్లను మనమంతా చూశాం. జీలుగు కల్లు, ఇప్పసారా మన పండగల్లో, పెళ్లిళ్లలో, చావు కర్మల్లో ఉన్నవే. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా నాటి సర్కారు ఆంక్షలు పెట్టడం 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. కల్లు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం ఈరోజు మా పని కాదు. ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోండి. తాజా కల్లులో ఆల్కహాలు 5 శాతం అటూ ఇటూగా ఉంటుంది. దుకాణంలో కొనే బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. బుర్రలో కల్లు తాగిన చేతికి ఆ తేడా తెలియదు, లివరుకు తెలుస్తుంది.

తాగుడు జబ్బుకు మందివ్వమని మా దగ్గరికి వచ్చేవాళ్లు అరుదు. కడుపులో మంట అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, చెట్టు మీంచి పడ్డామంటారు, టీబీ మాత్రలు పడటం లేదంటారు. అందుకే ఏ బాధతో వచ్చినా తాగుడు గురించి అడుగుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. మార్కులు 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్త పడాలి. అందులో పెగ్గుల లెక్క మన దగ్గర సరిగ్గా కుదరదు, ఎన్ని బుర్రలు, ఎన్ని సీసాలు అని అడగాల్సిందే. అన్నిటికంటే మాకు పనికొచ్చే ప్రశ్న ఇది: "మామా, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? ఒక గుక్క పడితే తగ్గుతుందా?" ఔనంటే శరీరం మందుకు అలవాటు పడిపోయిందన్నమాట.

అలాంటి మనిషిని ఇంట్లో కట్టేసి, సీసా దాచేసి, రేపటినుంచి మానెయ్యమంటే ప్రాణం మీదికి రావచ్చు. మీలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవచ్చు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి జ్వరం వచ్చి, లేని మనుషులు, పురుగులు కనిపించి, తనవాళ్లనే గుర్తుపట్టరు. గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో అనుకుంటాం. గురువును పిలిస్తే పిలవండి, మేము కాదనం. కానీ 108కి ఫోను అప్పుడే చెయ్యాలి. డోలీ మోయాల్సిన ఊరైతే ఇంకా ముందే కదలాలి.

తేలికపాటి వణుకైతే ఆరోగ్య కేంద్రంలోనే చూస్తాం. వణుకు, ఫిట్స్ రాకుండా కొద్ది రోజులకు మాత్రలిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపుతాం. ఆ మాత్రలు కూడా అలవాటయ్యేవే, కాబట్టి మందుల షాపులో సొంతంగా కొనుక్కోకూడదు. బి1 విటమిన్ తప్పకుండా ఇస్తాం. "నీరసంగా ఉన్నాడు, గ్లూకోజు సీసా ఎక్కించండి" అని ఇంటివాళ్లు పట్టుబడతారు. తిండి మానేసి తాగినవాడికి బి1 లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆర్‌ఎంపీ దగ్గర కూడా ఈ మాట అడగండి. గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లను, మాట తడబడుతున్నవాళ్లను మాత్రం పెద్దాసుపత్రికి పంపుతాం.

ఇంకో పాడు అలవాటు వచ్చింది. తాగుడు మాన్పించే మాత్ర అని ఎవరో అమ్మితే, భర్తకు తెలియకుండా అన్నంలో కలుపుతున్నారు. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. తాగే మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే దాన్ని వాడాలి. ఆ అక్కచెల్లెళ్ల బాధ మాకు తెలుసు. అయినా ఆ పని చెయ్యొద్దు.

గంజాయి సంగతి అడగాలనుకునేవాళ్లు పోలీసులకు భయపడి రారు. మేము అడిగేది వైద్యం కోసమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, కొద్ది మొత్తంతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. పండించి అమ్మేవాళ్లకు, మోసేవాళ్లకు అది వర్తించదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటివాళ్లు ఉంటే తిట్టకుండా ఒక పూట వెంట రండి. ముందు ఫోనులో మాట్లాడాలంటే 14446 ఉచితం, మనసు బాగోలేకపోతే 14416. ఒకసారి మానినవాడు పండగనాడు మళ్లీ తాగితే సిగ్గుపడి మా దగ్గరికి రావడం మానేస్తాడు. అప్పుడే తీసుకురండి. కొండ దిగడానికి వేరే రోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదు. తర్వాతి వాయిదా సంత రోజున పెట్టమని అడగండి, పెడతాం.